మాటలు తీసేస్తే మిగిలే చికిత్స

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఇంట్లోనైనా మేధో వైకల్యం ఉన్న మనిషి ఉంటే ఆ కుటుంబానికి తెలిసిన దారులు కొన్నే. వైకల్య నిర్ధారణ క్యాంపుకు తీసుకెళ్ళి వైకల్య శాతం రాయించుకోవడం, ఆ కాగితం చూపించి పింఛను పెట్టించుకోవడం, బడి ఈడు పిల్లలైతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రానికి పంపడం. 2014లో ఆసరా పథకం మొదలైనప్పుడు నెలకు 1,500 రూపాయలున్న వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలకు చేరింది. ఇవన్నీ కావలసినవే, అడిగి సాధించుకున్నవే. అయితే ఈ దారుల్లో ఒక ప్రశ్న ఎదురవడం చాలా అరుదు: ఈ మనిషి దేనికి భయపడుతున్నాడు, దేనికి కుమిలిపోతున్నాడు? అన్నం గిన్నె విసిరేసినా, తల గోడకు కొట్టుకున్నా, రోజుల తరబడి ముద్ద ముట్టకపోయినా "వాడు అంతే" అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఇది ఊరివాళ్ళ అజ్ఞానం అనుకుంటే పొరపాటు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ రీస్, ఆయన సహచరులు 1982లో చేసిన పరిశీలనలో చదువుకున్న నిపుణులు కూడా ఇదే చేశారు. లక్షణాలు అవే అయినా, ఆ మనిషికి మేధో వైకల్యం ఉందని చెప్పగానే అతని మానసిక సమస్యను తక్కువ చేసి చూశారు. గ్లాస్గో నగరంలో శాలీ ఆన్ కూపర్ బృందం 1,023 మంది పెద్దవాళ్ళను పరీక్షించి 2007లో ప్రకటించిన లెక్క ప్రకారం, ప్రవర్తన సమస్యలను కూడా కలుపుకుంటే, ప్రతి పదిమందిలో నలుగురికి ఏదో ఒక మానసిక అనారోగ్యం ఉంది. వైకల్యం ఒకటి, దాని పక్కనే ఉన్న దిగులు మరొకటి. మొదటిదానికి మందు లేదు. రెండోదానికి చికిత్స ఉంది.

ఆ చికిత్సల్లో ఒక కుదురుకు చెందినవి స్వీకార చికిత్సలు. ఇవి ప్రవర్తన చికిత్సకు మూడో తరం. మొదటి తరం ప్రవర్తనను బహుమతులతోనూ పర్యవసానాలతోనూ మార్చాలని చూసింది. రెండో తరం ఆలోచనలోని తప్పును వెతికి సరిదిద్దబోయింది. మూడో తరం అడిగినది వేరు: బాధ కలిగించే ఆలోచనతో, భయంతో అసలు యుద్ధం చేయడం దేనికి? జాన్ కబత్ జిన్ 1979లో మసాచుసెట్స్‌లో దీర్ఘకాలపు నొప్పులతో బాధపడేవాళ్ళకు ఎరుక సాధన (మైండ్‌ఫుల్‌నెస్) నేర్పడం మొదలుపెట్టారు. ఆత్మహత్యకు పదేపదే ప్రయత్నించే స్త్రీల కోసం మార్షా లినహన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ 1993లో పుస్తకంగా వచ్చింది. స్టీవెన్ హేస్, ఆయన సహచరుల యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ 1999లో వచ్చింది. మూడింటి పద్ధతులూ వేరు, మూలంలో ఉన్న పరిశీలన ఒకటే. లోపలి బాధను అణచాలని చూసేకొద్దీ అది పెరుగుతుంది. డేనియల్ వెగ్నర్ 1987లో విద్యార్థులతో చేయించిన ప్రయోగం దీనికి ప్రసిద్ధమైన సాక్ష్యం. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని చెబితే వాళ్ళకు అదే గుర్తొచ్చింది. ఆ ఆంక్ష తీసేశాక, మొదటినుంచీ స్వేచ్ఛగా తలచుకున్నవాళ్ళకన్నా ఎక్కువసార్లు గుర్తొచ్చింది. అందుకని ఈ చికిత్సలు బాధను తరిమేయమనవు. దానికి కాస్త చోటిచ్చి, నీకు విలువైన పనిని చేస్తూ పొమ్మంటాయి.

చిక్కంతా దీన్ని నేర్పే తీరులో ఉంది. హేస్ పద్ధతిలో రోగికి కథలు చెబుతారు. మనసును బస్సుగా, ఆలోచనలను గొడవచేసే ప్రయాణికులుగా ఊహించుకోమంటారు. ఊబిలో కాళ్ళు కొట్టుకునేవాణ్ణి ఊహించుకోమంటారు. "నేను పనికిరానివాణ్ణి అనే ఆలోచన నాకు వస్తోందని నేను గమనిస్తున్నాను" అనమంటారు. ఒక వాక్యంలో మరో వాక్యం, దానిలో ఇంకొకటి. రెండు మూడు సంగతులను ఒకేసారి మనసులో నిలుపుకోవడం కష్టమైనవాళ్ళకు ఇది గోడలా అడ్డుపడుతుంది. ఇక్కడ ఒక స్పష్టత అవసరం. ఈ అధ్యాయంలో మేధో వైకల్యం అన్నప్పుడు అక్షరాల దగ్గర మాత్రమే తడబడే డిస్‌లెక్సియా పిల్లలు కారు, ఎదుగుదల వయసులోనే తెలివితేటలూ రోజువారీ నేర్పులూ రెండూ వెనకబడినవాళ్ళు. వీరిలో అత్యధికులది తేలికపాటి వైకల్యం. మాట్లాడతారు, మేకలు కాస్తారు, పత్తి ఏరుతారు, చిల్లర లెక్క దగ్గర తికమక పడతారు. వాళ్ళకోసం చికిత్సను ఎలా మార్చాలి అనగానే మొదట తోచే జవాబు సులభతరం చేయడం: వాక్యాలు చిన్నవి చేయడం, బొమ్మలు చూపడం, సెషన్ కుదించడం, ఎక్కువసార్లు చెప్పడం. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మానసిక చికిత్సలను ఆ మనిషి అవసరాలకు, ఇష్టాలకు, అర్థం చేసుకునే తీరుకు తగ్గట్టు మలచాలని చెప్పాయి. మంచిదే. కానీ బస్సు కథను చిన్న మాటల్లో చెప్పినా అది కథే. దాన్ని విని, తనకు అన్వయించుకుని, ఆపైన కోపం వచ్చిన క్షణంలో గుర్తు తెచ్చుకోవాలి. ఈ మూడు మెట్లలో ఏది జారినా పని జరగదు. నా వాదన ఏమిటంటే, ఈ చికిత్సల సత్తా ఆ కథల్లో లేదు. కథలు చదువుకున్నవాళ్ళకు దారి చూపడానికి వేసుకున్న సరంజామా. దాన్ని కుదించడం కాదు, పూర్తిగా విప్పేయాలి. అప్పుడు మిగిలేది ఒక సాధన, ఒక మనిషి తోడు, మెలకువ ఉన్నంతసేపూ చేయదగిన ఒక పని.

దీనికి అన్నిటికన్నా గట్టి ఉదాహరణ నిర్భయ్ సింగ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2003లో ప్రచురించిన ఒకే ఒక్క మనిషి వృత్తాంతం. తేలికపాటి మేధో వైకల్యం, దానితోపాటు మానసిక జబ్బు ఉన్న 27 ఏళ్ళ యువకుడు. చేయి చేసుకుంటాడన్న కారణంతో ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాడు. ఆరు నెలలపాటు ఎవరినీ కొట్టకుండా ఉంటే తప్ప బయటి వసతి గృహంలో చేర్చుకోమన్నారు. అతనికి నేర్పింది ఇంతే. సహజంగా నిలబడు, లేదా రెండు పాదాలూ నేలకు ఆనించి కూర్చో. ఊపిరి మామూలుగా తీసుకో. కోపం తెప్పించిన ఒక సంఘటనను గుర్తు తెచ్చుకో. కోపాన్ని ఆపకు, రానీ. ఇప్పుడు ధ్యాసనంతా అరికాళ్ళ మీదికి తెచ్చుకో. వేళ్ళు మెల్లగా కదుపు, మడమ నేలకు తగలడం చూడు, చెప్పు అంచు ఒరుసుకోవడం చూడు. మనసు నెమ్మదించేదాకా అక్కడే ఉండి, తర్వాత చిరునవ్వుతో అక్కణ్ణుంచి నడిచి వెళ్ళు. రోజూ సాధన చేయించారు, ఆపైన నిజంగా కోపం వచ్చిన చోట వాడమన్నారు. అతను ఆరు నెలల షరతు నెగ్గాడు, ఆసుపత్రి విడిచాడు, ఆ తర్వాత గమనించిన ఏడాదిలో తిరిగి చేరవలసి రాలేదు. అదే బృందం 2013లో 34 మందితో చేసిన పోలిక అధ్యయనంలో, సాధన నేర్చుకున్నవాళ్ళలో తిట్టడం, కొట్టడం రెండూ తమ వంతు కోసం వేచి ఉన్నవాళ్ళలోకన్నా తగ్గాయి.

ఈ సాధనలో ఏముందో విడదీసి చూడాలి. కోపాన్ని ఆపమని చెప్పలేదు, తప్పు అనలేదు, దాని కారణం వివరించమని అడగలేదు. హేస్ బస్సు కథతో సాధించాలనుకున్నది సరిగ్గా ఇదే: ఆలోచన వస్తూ ఉండగానే, దాని పగ్గం కిందికి పోకుండా ఉండటం. ఇక్కడ అదే పని కథ లేకుండా జరిగింది. అరికాలు మంచి ఎంపిక. అది ఎప్పుడూ వెంటే ఉంటుంది, కొట్టడానికి లేచే చేతికి దూరంగా ఉంటుంది, దానికి మంచి చెడుల ముద్ర లేదు. అంతకన్నా ముఖ్యం, ఇందులో అర్థం చేసుకోవలసింది చాలా తక్కువ, అలవాటు చేసుకోవలసింది ఎక్కువ. ఈత వచ్చినవాణ్ణి నీళ్ళు ఎందుకు తేలుస్తాయని అడిగితే చెప్పలేడు, అయినా మునగడు. మేధో వైకల్యం ఉన్నవాళ్ళు నిదానంగా నేర్చుకుంటారు గానీ, చాలాసార్లు చేయించి ఒంటికి పట్టించిన పనిని బాగా నిలుపుకుంటారు. ప్రత్యేక ఉపాధ్యాయులకు ఇది కొత్త సంగతి కాదు. పళ్ళు తోముకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం వాళ్ళు నేర్పేది ఇలాగే, ఒక్కో మెట్టుగా. కోపంతో మెలగడాన్ని కూడా అలా మెట్లుగా నేర్పవచ్చునన్న ఆలోచన మాత్రం ఆలస్యంగా వచ్చింది.

లినహన్ పద్ధతికీ ఇలాంటి మార్పు జరిగింది. ఆమె పుస్తకంలోని నైపుణ్యాల జాబితా పొడవైనది, పేర్లు కష్టమైనవి. వాటి స్థానంలో జూలీ బ్రౌన్ తొమ్మిది నైపుణ్యాలతో ఒక వరుసను తయారుచేశారు. ఆవేశం ఎంతుందో 0 నుంచి 5 దాకా ఒక అంకెతో చూపించమంటారు. అంకె తక్కువుంటే మాట్లాడి తేల్చుకునే నైపుణ్యాలు, ఎక్కువుంటే ముందు ఒళ్ళు నెమ్మదించే నైపుణ్యాలు. ఆవేశం అయిదులో ఉన్నవాడితో నచ్చజెప్పబోవడం వృథా అని ఏ తల్లికైనా తెలుసు. ఇక్కడ ఆ తెలివిని పద్ధతిగా మలిచారు. మన మూడు జిల్లాల్లో అంకెలు పనిచేయనిచోట అయిదు వేళ్ళు పనిచేస్తాయి. దిగులు, ఆందోళన అనే పుస్తకపు మాటలకన్నా రంది, బుగులు, పరేషాన్ త్వరగా అందుతాయి. అయితే మాట మార్చినంత మాత్రాన అయిపోదు. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. తండాలో లంబాడీ భాషలో పెరిగిన పిల్లకు, గంగారం కొత్తగూడ అడవుల్లో కోయ మాట్లాడే ఇంటి పిల్లాడికి, తెలుగు బడిలో ఎదురయ్యే రెండో భాష. మొదటి భాషే నిదానంగా అబ్బిన పిల్లలకు రెండో భాషలో మానసిక చికిత్స చేయబోతే వైకల్యం లేనిచోట కూడా వైకల్యం కనిపిస్తుంది. అరికాలికి ఆ అడ్డు లేదు. ఎరుక సాధన అంటే ఏదో మతానిదన్న అనుమానానికి కూడా ఇదే జవాబు. డోర్నకల్ చర్చికి వెళ్ళేవాళ్ళకైనా, కురవి వీరభద్రుడికి మొక్కేవాళ్ళకైనా, నమాజు చేసేవాళ్ళకైనా ఇందులో పలకవలసిన మంత్రం ఒక్కటీ లేదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది సిద్ధాంతపరమైనది, కాస్త పదునైనది. హేస్ సిద్ధాంతం ప్రకారం మనిషి బాధకు పెద్ద కారణం భాషే. జరగనిదాన్ని ఊహించి భయపడటం, జరిగిపోయినదాన్ని తవ్వుకోవడం, "నేను ఇలాంటివాణ్ణి" అని తనమీద తాను ముద్ర వేసుకోవడం, ఇవన్నీ మాటలవల్లే సాధ్యం. అలాంటప్పుడు మాటలు తక్కువున్నవాళ్ళకు ఆ బాధా తక్కువే ఉండాలి కదా, వాళ్ళకు ఈ చికిత్స దేనికి? మాటలు అసలే లేని తీవ్ర వైకల్యం విషయంలో ఈ వాదనలో కొంత బలముంది. వాళ్ళకు ముందు చూడవలసింది నొప్పి, ఆకలి, మలబద్ధకం, చెవిపోటు వంటి శారీరక కారణాలు. కానీ తేలికపాటి, మధ్యస్థ వైకల్యం ఉన్నవాళ్ళ సంగతి వేరు. తార్కికంగా ఆలోచించడానికి చాలని భాష, గాయపడటానికి మాత్రం ధారాళంగా చాలుతుంది. "తిక్కలోడు", "బుర్ర తక్కువది" అన్న మాటలు వాళ్ళకు చిన్ననాటి నుంచీ తెలుసు. తమ్ముడి పెళ్ళయి తనది కానప్పుడు, తోటివాళ్ళు కూలికి పోతూ తనను పిలవనప్పుడు ఆ మాటలే లోపల తిరుగుతాయి. వాదించి ఆ మాటను ఓడించే భాష వాళ్ళ దగ్గర ఉండదు కాబట్టి, రెండో తరం చికిత్సకన్నా మూడో తరం చికిత్సే వాళ్ళకు దగ్గరగా ఉంటుందని నా అంచనా. ఆలోచనను తప్పని నిరూపించడానికి తర్కం కావాలి. అది వచ్చినప్పుడు కాళ్ళ మీద ధ్యాస పెట్టడానికి అక్కర్లేదు.

రెండో అభ్యంతరం నైతికమైనది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది. స్వీకరించు అని ఎవరికి చెబుతున్నాం? జీవితమంతా అణిగిమణిగి ఉండటమే నేర్పిన మనుషులకు. మన ఊళ్ళలో తలరాత, కర్మ, రాసిపెట్టి ఉంది అనే మాటలకు కొరత లేదు. దానికి తోడు శాస్త్రం కూడా సర్దుకుపొమ్మంటే ఇక చెప్పేదేముంది? పైగా కొట్టడం తగ్గింది అన్న ఫలితం ఎవరికి మేలు? కాపలా కాసేవాళ్ళకు మేలే. కానీ ఆ మనిషి ఎందుకు కొట్టాడు? రోజంతా పనిచేయించుకుని కూలి ఎగ్గొట్టినందుకా, పిల్లలు రాళ్ళు రువ్వినందుకా, గదిలో పెట్టి గొళ్ళెం వేసినందుకా, చెప్పుకోలేని చోట ఎవరో చేయి వేసినందుకా? ఆ కోపం అతనికున్న ఒకే ఒక్క ఫిర్యాదు పత్రం కావచ్చు. దాన్ని అరికాలి మీదికి మళ్ళించడమంటే ఫిర్యాదును చించేయడమే. ఈ అభ్యంతరాన్ని పూర్తిగా కొట్టివేయలేం, కొట్టివేయకూడదు. కానీ ఇది చికిత్సను తిరస్కరించమని చెప్పదు, దాని ముందు ఒక మెట్టు పెట్టమని చెబుతుంది. లోపలి అనుభూతిని స్వీకరించడం వేరు, బయటి అన్యాయాన్ని స్వీకరించడం వేరు. లినహన్ తన పద్ధతికి పెట్టిన పేరులోని ద్వంద్వం కూడా ఇదే: ఒక పక్క స్వీకారం, మరో పక్క మార్పు, ఏ ఒక్కటీ రెండోది లేకుండా నిలవదు. కాబట్టి ఏ ప్రవర్తనకైనా ముందుగా అడగవలసింది, దీనికి బయట మార్చవలసిన కారణం ఏమైనా ఉందా అని.

ఆ ప్రశ్న అడిగే సంప్రదాయం మనకు పరాయిది కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన జాతీయ సంస్థ, ఇప్పుడు నీపిడ్ అన్న పేరుతో ఉన్నది, మొదటి దశాబ్దంలోనే ఉపాధ్యాయుల కోసం ప్రవర్తన పద్ధతుల మీద కరదీపికను తెచ్చింది. రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో మన పిల్లలకు సరిపోయే ప్రవర్తన అంచనా కొలమానాన్ని తయారుచేశారు. ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత ఏమైంది అని మూడు గడులుగా రాసుకోవడం అక్కడ శిక్షణ పొందిన ప్రత్యేక ఉపాధ్యాయులకు కొట్టినపిండి. ఈ తరహా పరిశీలనే రెండో అభ్యంతరానికి సరైన కాపలా. ముందు గడిలో అన్యాయం కనిపిస్తే దాన్ని ఆపాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం హింస, వేధింపుల నుంచి కాపాడే బాధ్యతను అధికారుల మీద పెట్టింది. అది ఆపాక కూడా మిగిలే భయం, ఉలికిపాటు, పగటి కలవరం ఉంటాయి. స్వీకార సాధన వాటికోసం. మన పాత పద్ధతిలో లోటు ఏమిటంటే, మూడు గడులూ బయటి సంగతులవే. లోపల ఏం జరిగిందన్న నాలుగో గడి లేదు. మొదటి తరం ప్రవర్తన శాస్త్రం లోపలి సంగతిని లెక్కలోకి తీసుకోలేదు, మనం ఆ తరం దగ్గరే చాలాకాలం ఆగిపోయాం.

ఇక్కడ వాదన మలుపు తీసుకోక తప్పదు, ఎందుకంటే సాక్ష్యాలు అటే చూపిస్తున్నాయి. స్వీకారం ముందుగా నేర్చుకోవలసింది వైకల్యం ఉన్న మనిషి కాకపోవచ్చు. బ్లాక్‌లెడ్జ్, హేస్ 2006లో ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు 20 మందికి రెండు రోజుల శిబిరం పెడితే, వాళ్ళ కుంగుబాటు, మానసిక ఒత్తిడి తగ్గాయి. సింగ్ బృందం మరో అడుగు వేసింది. ఎదుగుదల లోపాలున్న పిల్లల తల్లులు నలుగురికి పన్నెండు వారాలు ఎరుక సాధన నేర్పారు. పిల్లలకు ఏమీ నేర్పలేదు. 2007లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం పిల్లలు కొట్టడం తగ్గింది, తోడబుట్టినవాళ్ళతో కలవడం పెరిగింది. నలుగురే కదా అనవచ్చు. నిజమే, కానీ దిశ ఆశ్చర్యపరిచేది కాదు. ఇంట్లో పిల్లాడు అరిచినప్పుడు తల్లి ఉలిక్కిపడి అరిస్తే, లేదా అరుపు ఆపడానికి అడిగినదల్లా చేతికిస్తే, రెండూ అరుపును పెంచేవే. ఆమె తన గుండె దడను గమనించి ఒక్క క్షణం ఆగగలిగితే మూడో దారి దొరుకుతుంది. పొద్దున్నే మిరప తోటకు పోవలసిన తల్లి, బొగ్గు బావిలో షిఫ్టు దిగి వచ్చిన తండ్రి, తమ తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారన్న రందితో నిద్రపట్టని ఇద్దరూ, అలాంటి ఇంట్లో పిల్లాడికి మాత్రమే శాంతం నేర్పబోవడం అన్యాయం కూడా. వైకల్యం పోదన్న నిజాన్ని కుటుంబం స్వీకరించనంతకాలం డబ్బు నాటువైద్యుల చుట్టూ, మొక్కుల చుట్టూ, "నయం చేస్తాం" అనే బోర్డుల చుట్టూ తిరుగుతుంది. పిల్లాడి దిగులు మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

మూడో అభ్యంతరం ఆచరణది. ఇదంతా ఎవరు చేస్తారు? 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు ఈ మూడూ జిల్లాలయ్యాయి గానీ, మానసిక వైద్యం కోసం చూపు ఇప్పటికీ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి వైపో హైదరాబాద్ వైపో తిరుగుతుంది. జనగామకూ మహబూబాబాద్‌కూ రైలుంది, భూపాలపల్లికి అదీ లేదు. గోదావరి ఒడ్డున పలిమెల నుంచి ఒక మనిషిని వారం వారం చికిత్సకు తీసుకురావడం అసాధ్యం. కాబట్టి చికిత్సే కదలాలి. అలా కదిలిన దాఖలాలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ హేస్ పద్ధతినే ఆధారం చేసుకుని, చదువు అవసరం లేని అయిదు సెషన్ల కార్యక్రమాన్ని తయారుచేసింది. పాఠం రికార్డు చేసిన గొంతులో వినిపిస్తారు, చేతికి బొమ్మల పుస్తకం ఇస్తారు, కొద్దిపాటి శిక్షణ పొందిన స్థానికులు గుంపును నడిపిస్తారు. ఉగాండాలో తలదాచుకున్న దక్షిణ సూడాన్ శరణార్థి స్త్రీలు 694 మందితో దాన్ని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. మూడు నెలల తర్వాత కూడా వాళ్ళ మానసిక క్షోభ, కార్యక్రమం అందనివాళ్ళకన్నా తక్కువగా ఉంది. తేడా చిన్నదే, కానీ ఉంది. మన దేశంలో గోవాలో కుంగుబాటుకు మామూలు జనం నుంచి ఎంపికచేసి శిక్షణ ఇచ్చిన కౌన్సెలర్లు చేసిన చికిత్స ఫలించిందని విక్రమ్ పటేల్ బృందం 2017లో చూపించింది. మేధో వైకల్యం విషయానికే వస్తే, బ్రిటన్‌లో 30 పగటి కేంద్రాల్లో 179 మందితో జరిగిన అధ్యయనంలో కోపం అదుపు పాఠాలను అక్కడి మామూలు సిబ్బందే చెప్పారు. 2013లో వెలువడిన ఆ ఫలితం మిశ్రమం. వైకల్యం ఉన్నవాళ్ళు స్వయంగా ఇచ్చిన జవాబుల్లో తేడా స్పష్టంగా రాలేదు, దగ్గరుండి చూసేవాళ్ళ అంచనాలో మాత్రం మెరుగు కనిపించింది.

ఆ మిశ్రమ ఫలితం నాలుగో అభ్యంతరానికి తలుపు తీస్తుంది: సాక్ష్యాలు పలచగా ఉన్నాయి. ఒప్పుకోవలసిందే. అధ్యయనాల్లో ఎక్కువ భాగం చిన్నవి, చాలావాటిలో కనిపించేది సింగ్ పేరే. బ్రౌన్ పద్ధతి మీద 40 మందిని నాలుగేళ్ళు గమనించిన నివేదిక ఉంది, కానీ దానిలో పోల్చడానికి రెండో గుంపు లేదు. అన్నిటికన్నా ఆలోచింపజేసేది స్వీకార చికిత్స మీద కాకుండా దాని దాయాది మీద జరిగిన పరీక్ష. ఆండ్రూ జహోడా బృందం కుంగుబాటు ఉన్న 161 మంది మేధో వైకల్యం కలవాళ్ళను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు, ఇష్టమైన పనుల్లోకి తిరిగి దింపే చికిత్స. రెండో గుంపుకు, సహాయకుడి తోడుతో తమంతట తాము చదువుకునే సులభ పుస్తకాలు. 2017లో ఫలితం వచ్చింది. రెండు గుంపులూ మెరుగయ్యాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కాలం గడిచి వాళ్ళే తేరుకున్నారా, లేక ఒక మనిషి పక్కన కూర్చుని "నీకెలా ఉంది" అని శ్రద్ధగా అడగడమే మందయిందా అన్నది ఆ లెక్కలు తేల్చలేవు. నేను రెండోదానికే ఎక్కువ విలువిస్తాను. అలా ఇవ్వడం వల్ల స్వీకార చికిత్సల మీది ఉత్సాహం కొంత తగ్గుతుంది, తగ్గాలి కూడా. ఫలానా పేరున్న పద్ధతికి శిక్షణ రుసుము కట్టి ధ్రువపత్రం తెచ్చుకునేదాకా ఏమీ చేయలేమన్న సాకు కూడా దానితోపాటే పోతుంది.

అంటే ఏ పద్ధతైనా ఒకటే అని కాదు. ఎవరు దొరికితే వాళ్ళు, ఎంత శిక్షణ ఇవ్వగలిగితే అంత అన్నచోట, తప్పు చేసినా హాని తక్కువుండే పద్ధతిని ఎంచుకోవాలి. అరికాలి సాధనలో శిక్ష లేదు, గదిలో ఒంటరిగా కూర్చోబెట్టడం లేదు, మత్తునిచ్చే మాత్ర లేదు. అయినా పాత గాయాలను తలుచుకుని బెంబేలెత్తేవాళ్ళకు కోపపు సంఘటనతో మొదలుపెట్టకూడదు, సంతోషపు సంఘటనతో మొదలుపెట్టాలి. మూర్ఛలున్నవాళ్ళ, మందులు వాడుతున్నవాళ్ళ విషయంలో డాక్టరు పర్యవేక్షణ ఆగకూడదు. ఉన్నట్టుండి వచ్చిన మార్పు ఏదైనా ముందు ఒంటి నొప్పి అనుకుని పరీక్ష చేయించాలి. ఇంతమాత్రం జాగ్రత్తతో భవిత కేంద్రాల ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు దీన్ని ఇంటిదాకా తీసుకెళ్ళగలరు. వాళ్ళకు శిక్షణ ఇచ్చి, చిక్కు కేసులు చూసే చోటు కూడా ఇప్పుడు దగ్గరైంది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలోనూ భూపాలపల్లిలోనూ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వైద్య కళాశాలకు మానసిక వైద్య విభాగం ఉండాలన్నది నిబంధన. సికింద్రాబాద్‌లో నాలుగు దశాబ్దాల అనుభవమున్న జాతీయ సంస్థ జనగామకు రెండు గంటల దూరం కూడా లేదు.

చట్టం దగ్గర ఒక మెలిక ఉంది, దాన్ని తెలుసుకోవడం అవసరం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యాన్ని నిర్వచిస్తూ మేధో వైకల్యాన్ని అందులోంచి మినహాయించింది. వైకల్యం జబ్బు కాదు కాబట్టి ఆ మినహాయింపు సబబే. కానీ దాన్ని పట్టుకుని "ఈ కేసు మాది కాదు" అని తిప్పి పంపే వీలు లేదు. మేధో వైకల్యం ఉన్న మనిషికి కుంగుబాటు వస్తే, ఆ కుంగుబాటుకు చికిత్స పొందే హక్కు ఆ చట్టం ఇతరులకు ఇచ్చినట్టే అతనికీ ఇచ్చింది. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది, బిడ్డను చూసుకుంటూ అలసిపోయిన తల్లి తనకోసం కూడా దానికి ఫోన్ చేయవచ్చు. ఈ మూడు జిల్లాల విద్యాశాఖ, వైద్యశాఖ అధికారులకు నా విన్నపం ఒకటే. భవిత కేంద్రంలో ప్రతి పిల్లకూ పిల్లాడికీ రాసే వివరాల్లో ఒక గడి చేర్పించండి: దేనికి భయపడుతుంది, దేనికి కోపం వస్తుంది, అప్పుడు ఎవరు దగ్గరుంటే నెమ్మదిస్తుంది. నెలకోసారి ఉపాధ్యాయురాలు తల్లితో కూర్చుని దాన్ని నింపాలి. దానికి కొత్త పోస్టులు, కొత్త భవనాలు అక్కర్లేదు, వచ్చే విద్యా సంవత్సరం దాకా ఆగనవసరమూ లేదు.